తీతువు గుడ్లు, నువ్వుల చేను

చెరువు కట్ట మీద స్కూటర్ ఆపితే చాలు, తీతువు పిట్ట తల మీదికి వచ్చి అరుస్తుంది. గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని దాని కోపం. చెవులు చిల్లులు పడే ఆ అరుపు విన్నప్పుడల్లా మా పక్కింటి మల్లయ్య తాత గుర్తొస్తాడు. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో వాన సంగతి ఆయన్నే అడిగేవారు. చీమలు గుడ్లు మోసినా, చంద్రుడి చుట్టూ వెలుగు వలయం గుడి కట్టినా ఆయనకు అందులో ఏదో ఒక కబురు ఉండేది. సగం తప్పేవి. అయినా అడిగేవారు, అడగడానికి ఇంకెవరున్నారు?

ఆయన అన్నిటికంటే నమ్మింది తీతువునే. ఎండాకాలంలో అది కట్ట మీద గుడ్లు పెడితే చెరువు నిండుతుందని, చెరువు నడుమ పెడితే ఆ యేడు నీళ్లు రావని లెక్క. మునిగే చోట ఏ తల్లీ పిల్లల్ని పెట్టుకోదు కదా అనేవాడు.

చెరువు లోపల, నీళ్లు తగ్గితే తేలే శికం భూమి మాకు కొంచెం ఉండేది. మా నాన్న, బాపు, అప్పుడు దుబాయిలో ఉన్నాడు. దాని జోలికి పోవద్దని ఫోనులో మా అమ్మకు, అవ్వకు, గట్టిగా చెప్పాడు. అవ్వకేమో తన చేతులతో ఒక్క పంటైనా తీసి చూపించాలని పంతం. తాతను అడిగింది. ఆయన పోయి చూసొచ్చాడు.

“గుడ్లు చెరువు నడుమ పెట్టింది లచ్చవ్వా. నీళ్లు రావు. నువ్వులు ఎయ్యి.”

మొలకలు జానెడు ఎదిగాయి. అప్పుడు వాన చుక్క లేకుండానే చెరువు నిండింది. ఎక్కడో పై డ్యాం నుంచి కొత్త కాలువలోకి నీళ్లు వదిలారు. కాలువ సంగతి పిట్టకేం తెలుసు? చేనూ మునిగింది, దాని గుడ్లూ మునిగాయి. అవ్వ కట్ట మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు నువ్వుల కోసం కాదు, బాపుకు ఏమని చెప్పాలని.

సాయంత్రం తాత మా ఇంటికి వచ్చాడు. కాలువ నీళ్లకు నువ్వేం చేస్తావు మామా అని అవ్వే ఆయనకు సర్దిచెప్పబోయింది.

“నీళ్లు రావని చెప్పిన. వచ్చినయ్. వానైనా కాలువైనా, యాడికెళ్లి వస్తే ఏంది?” అన్నాడు తాత. ఫోన్ కలపమని చెప్పి బాపుతో తానే మాట్లాడాడు.

“నేనే ఎయ్యమన్న రాజయ్యా. తప్పు నాది. నీ పెండ్లాన్ని ఒక్క మాట అనకు.”

అవతల బాపు ఫోన్ అవ్వకు ఇమ్మన్నాడు. తర్వాత అవ్వను, తిన్నవా అని మాత్రం అడిగాడు.

తాత పోయి కొన్నేళ్లయింది. రైతులకు వాన కబురు చెప్పే ఉద్యోగమే నాకూ దొరికింది. కబురు పై ఆఫీసు నుంచి ఫోనులోకి వస్తుంది, అదీ తప్పుతుంది. మాట నమ్మి విత్తనం పోగొట్టుకున్న రైతు ఎదురుగా నిలబడితే, మాకు పైనుంచి అట్లాగే వచ్చిందనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, నేనే చెప్పాను, తప్పు నాది అంటాను. ఇన్నేళ్లైనా ఆ మాట అనడం నాకు సులువు కాలేదు. ఆ సాయంత్రం తాతకూ సులువుగా ఉండి ఉండదు.