నడిమింటి మీద నల్ల గూనలు

ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనే మనిషిని నేను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం కొట్టిపారేయలేకపోతున్నాను.

అప్పటికి ఇంకా మా ఇంట్లో సెల్ ఫోన్ లేదు. బూర్గంపాడు దగ్గర మాది మట్టిగోడల గూనపెంకుటిల్లు. నడిమింట్లో నేను, మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు. మా అత్త మంచం వంటింట్లో గోడ వారన.

మట్టిగోడకు పక్కనుంచి జల్లు కొడితే పర్వాలేదు. పైనుంచి నీళ్లు దిగితే మాత్రం లోపల్లోపల నాని ఒక్కసారే కూలుతుంది. అందుకే మా మామ ఏటా వానలకు ముందే ఇల్లెక్కి, గూనలన్నీ దులిపి తిరిగి కప్పేవాడు. పగిలినవి పోగా తక్కువపడితే, వంటింటి మీదివి తీసి పిల్లలు పడుకునే చోట కప్పేవాడు. కొత్తవి తెచ్చాక ఎక్కడివక్కడ మార్చేవాడు. వంటింటి గూనలకు పొయ్యి మసి ఉంటుంది కదా, పిల్లల మీద రాలుతుందని.

“పెండ్లాం తడిస్తే ఏంది, మనవరాండ్లు తడవొద్దు గంతే,” అని అత్త కిందనుంచి ఎత్తిపొడిచేది. ఆయన నవ్వుతూ దిగి చెంబెడు మజ్జిగ తాగేవాడు.

ఆ చలికాలం మామ పోయాడు. ఎండలు వచ్చాయి. మా ఆయన లారీ మీద పోయేవాడు. మనిషిని పెట్టి కప్పిస్తానంటూనే రోజులు జరిపాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తున్నాను. నెత్తిన గూన మీద గూన పెడుతున్న చప్పుడు. కోతులైతే దడదడా దూకుతాయి. ఇది నిదానంగా ఒకటి, ఆగి ఇంకొకటి. బయటికొచ్చి చూస్తే ఇంటి మీద ఎవరూ లేరు. మా నిచ్చెన పక్కింటివాళ్లు తీసుకుపోయి వారమైంది. అత్త వాకిట్లో చెంబు పక్కన పెట్టుకుని కూర్చుని పైకి చూస్తోంది.

“పైన ఎవరత్తా?”

“కోతులు గావచ్చు. నీ పని నువ్వు చూస్కో బిడ్డా.” ముఖం నా వైపు తిప్పలేదు.

సాయంత్రం తల దువ్వుతుంటే పిల్లల జుట్టులో మసి. మర్నాడు వంటింటి నేల మీద అరచేతులంత ఎండ మచ్చలు. కోతులు లాగాయనుకుంటే కింద పెంకుముక్క ఒక్కటీ లేదు. మా ఆయన వంటింటి మీద పాలిథిన్ కవర్ పరిచి రాళ్లు పెట్టాడు. అంతటితో సరిపెట్టుకున్నాం. అదే మేం చేసిన తప్పు.

వానాకాలంలో ముసురు మూడు రోజులు వదల్లేదు. కవర్ గాలికి చిరిగింది. వంటింట్లో తపేలాలు పెట్టి అత్త నీళ్లు ఎత్తిపోసింది. నడిమింట్లో చుక్క పడలేదు. మంచం ఇటు తెచ్చుకోమని ఎన్నిసార్లు అన్నానో.

“పిల్లలకు జాగ సాలదు. నాకిది అలవాటే తియ్,” అంది.

మూడోనాడు అన్నం తిని అత్త నడుం వాల్చింది. వంటింటి గోడ ఆమె మంచం మీదే కూలింది. వాడంతా వచ్చి మట్టి తీశారు. దవాఖానాకు తీసుకుపోయే పనే లేకపోయింది.

దినాలయ్యాక ఒక పగలు నడిమింట్లో పడుకుని పైకి చూశాను. ఎర్ర గూనల మధ్య, సరిగ్గా పిల్లలు పడుకునే చోటు పైన, నల్లని గూనలు వరస తప్పకుండా ఉన్నాయి. ముప్పై ఆరు. మామ పోకముందు చివరిసారి కప్పిన ఏడాది అన్నిటినీ వాటి చోటికి మార్చాడు, నేనే అందించాను. మా ఆయన తాను ముట్టలేదని పిల్లల మీద ఒట్టేశాడు.

తర్వాత రేకులు వేయడానికి వచ్చిన మేస్త్రి వాటిని విప్పుతూ, “పనితనమున్న చెయ్యమ్మా. ఈ ఎండకాలమే కప్పిండ్రు. ఎవరు?” అని అడిగాడు. నేను కోతులన్నాను. ఆయన నవ్వాడు.

ఆ ముప్పై ఆరూ వంటింటి మీదే ఉంటే అత్త బతికేది. మరి మా పిల్లల పక్క గోడ నిలిచేదో లేదో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం అత్త పక్కనున్న చెంబులో మజ్జిగ ఉంది. కంటితో చూశాను. మా అత్త మజ్జిగ ముట్టేది కాదు. అది ఎవరికని అప్పుడే అడగాల్సింది.