చుక్కల నుంచి వచ్చినవాడి ఆకలి

నా చిన్నప్పుడు చదివిన నవలల్లో, తలుచుకుంటే ఇప్పటికీ రోత పుట్టేది ఒక్కటే ఉంది. వేరే గ్రహం నుంచి ఒక జీవి మొదటిసారి భూమి మీదికి రావడం అందులోని కథ. మొదటి సగం ఎంత బాగుండేదో చెప్పలేను. తనను చూసి పారిపోకుండా నిలబడిన ముసలమ్మ వైపు ఆ జీవి మెల్లగా చెయ్యి చాపే పేజీని ఎన్నిసార్లు చదువుకున్నానో! అందుకే మిగతా సగం మీద నాకంత కోపం.

మాది కోరుట్ల. అడవిలోని అన్నల భయం ఒకవైపు, వాళ్లను వెతికే పోలీసుల భయం ఒకవైపు ఉన్న రోజులవి. మధ్యాహ్నం కాగానే మా వాడ ఆడవాళ్లంతా పక్కింటి అక్క అరుగు మీద, చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. చేతులకే పని, చెవులు ఖాళీ. అందుకని ఐదో తరగతి చదివే నన్ను కూర్చోబెట్టి నవలలు చదివించుకునేవాళ్లు. నేనేదో పెద్ద పంతులమ్మనైనట్టు గొంతు పెంచి చదివేదాన్ని.

ఆ నవల సగంలో ఉండగా ఒక పొద్దున, అక్క ఇంటి వెనక ఎవరో కుర్రవాడు గబగబా అన్నం తినడం గోడ మీది నుంచి చూశాను. జ్వరంతో కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తిని, రుద్రంగి ఊరి దారి అడిగి వెళ్లిపోయాడు. నేను చూడటం అక్క చూసింది.

ఆ మధ్యాహ్నం చదివిన భాగంలో, ముసలమ్మ ఆ జీవికి గంజి పోసి గడ్డివాములో దాస్తుంది. శాస్త్రవేత్తలు వచ్చి అడిగితే తనే చూపిస్తుంది. వాళ్లు దాన్ని బల్లకు కట్టి, బతికుండగానే కోస్తారు. ముసలమ్మకు పూలదండ వేసి చప్పట్లు కొడతారు. రచయిత దీన్ని గొప్ప విజయమని రాశాడు. సిగ్గుచేటు ఏమిటంటే, నాకూ అలాగే అనిపించింది. ఆ దండ నా మెడలో పడినట్టు ఊహించుకుంటూ చదివాను.

తలెత్తి చూస్తే, అక్క పొగాకు పెట్టకుండానే ఆకు చుట్టి దారం కట్టేసింది. కళ్లు మూసుకుని బీడీలు చుట్టగల మనిషి.

"మల్లొక్కసారి సదువు బిడ్డా," అంది. చదివాను.

"కోసినంక ఏం దొరికిందట?"

పేజీలు తిప్పి చూశాను. "రాయలేదక్కా."

"దానికి ఆకలైందని గా ముసల్దానికి ఎరుకేనా?"

"ఎరుకే. గంజి పోసింది గదా."

"పోసిన చేత్తోనే సూపిచ్చిందా? థూ! గసొంటిదానికి దండలేసుడేంది? బంద్ జెయ్ గా బుక్కు," అని ఖాళీ బీడీని విసిరి పారేసింది.

మిగతా ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్క ఆ మాటలు నా కోసమే అందని నాకు తెలుసు.

మర్నాడు పోలీసు జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఒకాయన నా ముందుకు వంగి, చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి, "పక్కింట్లో కొత్తవాళ్లెవరైనా అన్నం తిన్నారా పాపా?" అని తియ్యగా అడిగాడు. ఎదుటి అరుగు మీద అక్క తల వంచుకుని ఉంది. చేతులు ఆగిపోయాయి. నేను ఔనంటే ఆమెను ఆ జీపెక్కిస్తారు.

"నేను జూడలే," అన్నాను.

జీపు వెళ్లాక పొట్లాన్ని మోరీ కాలువలో పారేశాను. దాన్ని పట్టుకున్న చెయ్యి చూసుకుంటేనే అసహ్యం వేసింది. నిన్న దండ కోసం ఆశపడింది నేనే కదా. అక్క నన్ను దగ్గరికి పిలిచి, "తిన్నవా బిడ్డా?" అంది, అంతే.

ఆ కుర్రవాడు ఎవరో, ఏమయ్యాడో అక్కకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆ నవల చివరిదాకా ఇంతవరకు చదవలేదు. చెయ్యి చాపే పేజీ మాత్రం ఈ వయసులోనూ ఇష్టమే. అది రాసిన మనిషే ఆ కోతనూ మురిసిపోతూ రాశాడంటే ఒళ్లు మండిపోతుంది. వేరే గ్రహాల వాళ్ల గురించి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఒక్కటే వెతుకుతాను. అంత దూరం నుంచి వచ్చినవాణ్ని, తిన్నావా అని ఎవరైనా అడిగారా అని.