కత్తెరమ్మ కురచ జుట్టు సంగతి

కత్తెరమ్మ జుట్టు గురించి వీధిలో తిరిగిన మాట ఇది. జబ్బు నయమయ్యాక ఆవిడకి షోకు పట్టుకుందట. పార్లరుకి వెళ్ళి జుట్టు ఉంగరాలు తిప్పించుకుని, మెడ మీదికి కురచగా కత్తిరించుకుని వస్తోందట. మొగుడి కళ్ళుగప్పి ఎవరి కోసమో ఈ సింగారమంతానట. ఆ "ఎవరి కోసమో" అన్న ముక్క నోరు మారినకొద్దీ పెరిగి, చివరికి ఒక స్కూటరూ, నల్ల కళ్ళద్దాల మనిషి ఒకడూ కూడా వచ్చి చేరారు. స్కూటరుని చూసినవాళ్ళెవరూ లేరు. చూసినవాళ్ళని చూశామనేవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు.

జరిగింది వేరు. అసలు సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురూ ఇన్నాళ్ళూ నోరు మెదపలేదంటే, మెదపొద్దని కత్తెరమ్మే ఒట్టు వేయించుకుంది కాబట్టి. ఇప్పుడు ఆ ఒట్టుతో పని లేదు. మొదటి నుంచీ చెప్పుకోవచ్చు.

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా గుడ్డ కత్తిరించేది ఆవిడే కావడంతో ఆ పేరు ఆసుపత్రి చీటీల్లో తప్ప ఎక్కడా కనపడదు. షెడ్డులో పదకొండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఓ మూల గుండీల డబ్బాలతో కాజాల పిన్ని, కిటికీ పక్కన నడుమెత్తు పొడుగు బల్ల. ఆ పొడుగు బల్ల కత్తెరమ్మది. మిషన్ల మీద మనుషులు మారుతుంటారు గానీ బల్ల దగ్గర ఒక్కరే. అక్కడ కత్తెర వెంట్రుకవాసి పక్కకి పోతే పదకొండు మిషన్లూ తప్పు కుడతాయి.

కిటుకంతా గుడ్డ పరవడంలోనే ఉంది. యూనిఫాం గుడ్డకి ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. మొదటి పొర నునుపు పైకి ఉంటే రెండో పొర నునుపు కిందికి రావాలి, ముఖానికి ముఖం ఆనించినట్టు. అలా పన్నెండు పొరలు పరిచి, పైన అట్ట పెట్టి, సుద్దతో గీసి కోస్తే, చొక్కాలకి ఆరు కుడిచేతులూ ఆరు ఎడమచేతులూ జతలుజతలుగా వచ్చేస్తాయి. కానీ పొరపొరకీ గుడ్డ తానుని తల ఎత్తుకి లేపి తిరగేయాలి. మగవాళ్ళు కూడా రొప్పే ఆ పనిని ఆవిడ పక్కవాళ్ళ ఇంటి కబుర్లు అడుగుతూ అడుగుతూనే కానిచ్చేసేది.

గడ్డ సంగతి ముందు ఆ బల్లే చెప్పింది. అంచు మీదికి వంగినప్పుడల్లా కుడి రొమ్ములో బఠాణీ గింజంత ఏదో ఒత్తుకునేది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని పట్టించుకునే తీరిక ఆవిడకి లేదు, బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. రెండు నెలలు బల్లకి కాస్త ఎడంగా నిలబడి పని కానిచ్చింది. గింజ కాస్తా గోలీ అయ్యాక, ఒకనాడు స్నానాలగదిలోంచి ఆడపడుచుని కేకేసింది. పైవాటాలో ఉండే ఆ ఆడపడుచుకి దేన్నైనా నవ్వులాటకి తిప్పేయడం అలవాటు. చెయ్యి పెట్టి చూసి నవ్వలేదు. కత్తెరమ్మకి సంగతి అర్థమైంది అప్పుడే, డాక్టరు చెప్పినప్పుడు కాదు.

కుడి రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులూ తీసేశారు, జబ్బు అక్కడిదాకా పాకిందన్నారు. కట్టు విప్పిన రోజు ఆవిడ అద్దంలో చూసుకుని, కుట్టు తిన్నగానే పడిందనీ, చివర మాత్రం గుడ్డ లాగిపట్టి కుట్టినట్టు ముడత వచ్చిందనీ ఆడపడుచుతో అంది.

తర్వాత కీమో, మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది. ఎర్రమందు ఎడమచేతి నరంలోకి ఎక్కుతుంటే నోట్లో ఇనుము నమిలినట్టుండేది. నాలుక పుండైంది, గోళ్ళు నల్లబడ్డాయి. పక్క కుర్చీలో మందెక్కించుకునే టీచరమ్మా, ఈవిడా ఒకే వయసువాళ్ళు; ఎవరి తల ముందు నున్నబడుతుందో అని పందెం కూడా వేసుకున్నారు. ఏడోసారికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఏమైందని అడిగేలోపే నర్సు అందులో ఇంకెవరినో కూర్చోబెట్టింది.

జుట్టు మొదటి మందు ఎక్కిన పదహారో రోజునే పోయింది. ఆడపడుచు తల దువ్వుతుంటే నడుము దాటిన జడ దువ్వెన వెంటే వచ్చేసింది. ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి. మిగిలింది కూడా లాగెయ్యమని కత్తెరమ్మే తొందరపెట్టింది. జుట్టు పోతుందని అందరూ చెప్పారు. కనుబొమలూ రెప్పవెంట్రుకలూ కూడా పోయి చెమట నేరుగా కళ్ళలోకి దిగుతుందనీ, ముక్కులో వెంట్రుకలు సైతం రాలి ముక్కు నీళ్ళలా కారుతుందనీ ఎవరూ చెప్పలేదు. భర్త గోడౌనులో బస్తాలకి తాళ్ళు బిగించే మనిషి, మాట తక్కువ. పని నుంచి రాగానే పక్కన కూర్చుని రుమాలుతో ఆవిడ ముక్కు తుడిచేవాడు.

ఆఖరి సీసా అయిన రెండు నెలలకి తల మీద బూడిదరంగు నూగు మొలిచింది. ఆడపడుచు అరచేత్తో రాసి చూసి, "వదినా, గుడ్డు పగిలి కోడిపిల్లొచ్చిందే" అంది. నూగు వేలెడయ్యేసరికి ఉంగరాలు తిరిగింది. అంతకుముందు ఆవిడది కర్రలా తిన్నగా ఉండే జుట్టు. కీమో తర్వాత కొందరికి ఇలా వస్తుందని నర్సు చెప్పింది. కొత్త పెళ్ళాన్ని తెచ్చుకున్నావా అన్నయ్యా అని ఆడపడుచు ఆటపట్టించింది. అతను ఒక ఉంగరాన్ని వేలితో లాగి వదిలి, అది మళ్ళీ చుట్టుకోవడం చూసి నవ్వాడు. అతను నవ్వి అప్పటికి ఏడాది.

జుట్టు తిరిగొచ్చింది గానీ, చంకలో కోసిన వైపు చెయ్యి రాలేదు. గోడకి ఎదురుగా నిలబడి కుడిచేతి వేళ్ళని పైపైకి పాకించాలని ఆసుపత్రిలో నేర్పారు. ఎక్కినంతమేరకి వారానికో సుద్దగీత గీసుకుంది. గీతలు భుజం దాకా వచ్చాయి, చెవి దాకా వచ్చాయి, అక్కడ ఆగిపోయాయి. ఒకే చోట గీసీ గీసీ ఆ గీత లావెక్కింది. పైగా మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చెయ్యి ఉబ్బడం మొదలైంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నీరు దిగడానికి బిగుతు తొడుగిచ్చారు. ఇంక ఇంతేనా అని అడిగితే, బరువులు ఎత్తకండి అన్నారు. అదే జవాబని ఆవిడకి అర్థమైంది.

అయినా షెడ్డుకి వెళ్ళింది. బల్ల దగ్గర అప్పటిదాకా ఎవరో రోజుకూలి మనిషితో నెట్టుకొస్తున్నారు. యజమానురాలు మంచి మనిషే, కానీ బల్ల విషయంలో మొహమాటం ఎరగదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెయ్యి పైకెత్తి చూపించమంది. కత్తెరమ్మ ఎత్తింది, ఎడమ చెయ్యి. ఏ చెయ్యో ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

చీర మీద తొడుక్కున్న పొడుగుచేతుల చొక్కా కింద తొడుగు దాగిపోయింది. పోయిన రొమ్ము చోటికి గుడ్డముక్కలు కూరి చిన్న దిండు తనే కుట్టుకుంది. అది తేలికై పైకి జరుగుతుంటే, కాజాల పిన్ని దగ్గర పనికిరాని గుండీలు గుప్పెడు అడిగి అందులో పోసింది. ఏం చేసుకుంటావే అని పిన్ని ఆరా తీస్తే, వేయించుకుని తింటానంది. వారం పాటు నడిస్తే గలగలమనేది, తర్వాత దూది కుక్కింది.

ఎందుకింత అవస్థ అంటే, ఆ చేతిని చూస్తే ఆవిడని మిషన్ మీద కూడా కూర్చోబెట్టరు. దారాలు తెంపే పీట మీద కూర్చోబెడతారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. ఇంట్లో గోడ వైపు తిరిగి ఏడాది పడుకున్న మంచం ఉంది. ఆర్నెల్లకోసారి పరీక్షలున్నాయి, ఐదేళ్ళ బిళ్ళలున్నాయి. బల్ల దగ్గర నిలబడినంతసేపే ఆవిడ రోగి కాదు. అందుకే తానుని మోకాలి మీద ఆనించి, ఎడమచేత్తో దొర్లించి, పళ్ళు బిగబట్టి తిరగేస్తూ నెట్టుకొచ్చింది.

ఈలోగా జుట్టు భుజాలకి తగిలింది. వదిలేస్తే వంగినప్పుడల్లా సుద్దగీత మీద పడుతుంది. ముడేసుకుందామంటే కుడిచెయ్యి వెనక్కి పోదు. మొదట్లో ఆడపడుచు జడ వేసేది. బేకరీలో తెల్లవారుజాము పని దొరికాక ఆ పిల్లకి కుదరలేదు. అప్పుడు భర్త వేశాడు. బస్తాకి తాడు బిగించినట్టు బిగించేసరికి ఆవిడ కళ్ళు రెండూ పైకి లాక్కుపోయాయి. అంత బిగించినా మధ్యాహ్నానికి ఊడి మొహం మీద పడింది. ఎవరినైనా ముడెయ్యమంటే నీకేమైందని అడుగుతారు. ఆవిడ మరుగుదొడ్లోకి వెళ్ళి గడియపెట్టుకుని, చిన్న కత్తెర ఎడమచేత్తో పట్టుకుని, రెండేళ్ళు ఎదురుచూసి పెంచుకున్న జుట్టుని మెడ దగ్గరికి తెగ్గోసింది. కాగితంలో చుట్టి గుడ్డముక్కల గోనెలో పడేసి వచ్చి మళ్ళీ బల్ల దగ్గర నిలబడింది. పార్లరంటే అదే.

కాజాల పిన్ని కళ్ళు ఊరుకుంటాయా. ఏ పార్లరే కత్తెరా అని వచ్చి వాలింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, చెబితే నువ్వూ వెళ్తావు, మీ ఆయన గుర్తుపట్టక ఇంట్లోకి రానివ్వడు అంది. ఆ సాయంత్రానికే వీధికంతా తెలిసింది. స్కూటరు ఆ మర్నాడు చేరింది.

ఆడపడుచు మండిపడింది. వీధి మధ్యన నిలబడి ఒక్కొక్కరినీ కడిగేస్తానని బయల్దేరింది. కత్తెరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అననీవే. జుట్టు చూసినంతసేపూ చెయ్యి చూడరు."

"మరి అన్నయ్య సంగతో?"

వీధి చివర కొట్టు ముందు మగవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే అతను తలదించుకుని నడిచి వస్తాడని ఆవిడకి తెలుసు. తెలిసే ఊరుకుంది. జుట్టు పెరిగినప్పుడల్లా అదే మరుగుదొడ్లో కోసుకుంటూ, పార్లరు నుంచి వచ్చినట్టే నడిచొచ్చేది.

బడులు తెరవడానికి వారముందనగా చెయ్యి రాయిలా బరువెక్కింది. ఆ రోజు రెండో పొర తిరగేయబోతే తాను కాళ్ళ మీద పడింది. చుట్టూ చూసింది, ఎవరూ గమనించలేదు. గుడ్డని తిరగేయకుండా అంతా నునుపు పైకే పరిచేసింది. అలా పరిచినా కొంప మునగదు. పన్నెండు పొరల దొంతి ఒకటి కోశాక అట్టని బోర్లించి ఇంకో దొంతి కోస్తే కుడీ ఎడమా సరిపోతాయి. అలాగే చేద్దామనుకుంది కూడా. మొదటి దొంతి కోసేసరికి నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. అట్ట బోర్లించాలన్నది మనసులోంచి తుడుచుకుపోయింది. రెండో దొంతి, మూడోది, నాలుగోది. సాయంత్రానికి నలభై ఎనిమిది చొక్కాచేతులు కోసి కట్టలు కట్టింది.

మర్నాడు మిషన్ మీద ఒకామె రెండు చేతులు తీసి పక్కపక్కన పెట్టి, మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది. ఇంకో జత తీసింది. అన్నీ కుడిచేతులే. ఈ బళ్ళో పిల్లలకి రెండూ కుడిచేతులేనా అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. నవ్వులు సగంలోనే ఆగిపోయాయి, ఎందుకంటే అలాంటి తప్పు పని నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేస్తారు. కాజాల పిన్ని దారం తెంపుతూ, తల ఎత్తకుండా అంది.

"ధ్యాస గుడ్డ మీద ఉంటేగా. ఏ స్కూటరు మోత వినపడిందో."

యజమానురాలు కత్తెరమ్మని తాన్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. రెండు కుడిచేతులు ఆవిడ ఒళ్ళో ఉన్నాయి. వాటి వైపే చూస్తూ మాట్లాడింది.

"బయట నీ గురించి ఏవేవో అంటున్నారు. అది నాకనవసరం. మనసు ఎటో పోయింది, పొరపాటైంది అను, నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తాను. ఇరవై రెండేళ్ళకి ఒక్క తప్పు, ఎవరికైనా జరుగుతుంది. చెయ్యి ఆడక ఇలా అయిందంటే మాత్రం బల్ల ఇంకొకరికి ఇవ్వక తప్పదు. బడులు మన కోసం ఆగవు." తలెత్తి, "ఏది నిజం?" అంది.

కత్తెరమ్మ నిలబడే ఉంది. చొక్కా లోపల తొడుగు చర్మాన్ని కోస్తోంది. అబద్ధం కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, వీధంతా కలిసి సిద్ధంగా కుట్టిపెట్టింది. ఊఁ అంటే చాలు, రేపు పొద్దున బల్ల తనదే. పన్నెండు పొరలూ తనవే. ఎవడి కోసమో సింగారించుకుంటోందంటే పడింది. కట్టుకున్నవాణ్ణి కూడా పడనిచ్చింది. కానీ ధ్యాస లేక గుడ్డ పాడుచేశానని తన నోటితో తను అనడం మాత్రం ఆవిడ వల్ల కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు కూడా ధ్యాస లేకుండా ఆవిడ కత్తెర పట్టలేదు. నిన్న కూడా.

యజమానురాలు మళ్ళీ అడిగింది. కత్తెరమ్మ కుడివైపు చొక్కాచెయ్యి పైకి మడిచి తొడుగు చూపించింది.

"ధ్యాస గుడ్డ మీదే ఉంది మేడమ్. చెయ్యే లేవట్లేదు. తాను తిరగేయలేక అంతా ఒకే వైపు పరిచాను. జడేసుకుందామన్నా వెనక్కి పోదు, అందుకే జుట్టు కోసేసుకుంటున్నా. ఏ పార్లరూ లేదు, మన మరుగుదొడ్లోనే. పన్నెండు పొరలు ఇంక నా వల్ల కాదు. ఆరు పొరలైతే కోస్తా. ఆరుకి ఉంచుకుంటారా, పొమ్మంటారా?"