నీలం బండ మీద చందమామ

తాండూరు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పిన ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మంచి బుద్ధీ ఉండేదనుకోండి, కాకపోతే అది కోపం వెళ్లాక వచ్చేది.

చందమామ ఎలా పెరిగి ఎలా తరుగుతాడో పుస్తకంలో బొమ్మ చూపించి చెబితే పిల్లల బుర్రకెక్కలేదు. దాంతో ఊరి నాపరాళ్ల గనుల దగ్గర పారేసిన పలుచటి బండముక్కలు ఏరి తలా కొన్ని ఇచ్చాను. "దినాం సందమామను చూడుండ్రి. ఎట్లున్నడో గట్లనే గీసుకరాండ్రి" అన్నాను. ఆకాశానికి బొగ్గుపొడి, చంద్రుడికి సున్నం. పున్నమి దాకా వరండాలో బండలు ముచ్చటగా వరుస కట్టాయి. పున్నమి దాటాక అందరూ ఉత్త నల్లబండలే తెచ్చారు. చంద్రుడు ఆలస్యంగా లేస్తున్నాడు, పిల్లలేమో అన్నం తినగానే నిద్రపోతున్నారు. మిగతావి పుస్తకం చూసి నేనే గీయిద్దామనుకున్నాను.

అప్పుడు ఒక పిల్ల బొగ్గుకు బదులు నీలిమందు పూసిన బండ తెచ్చింది. గొర్రెలు కాసేవాళ్ల బిడ్డ. వాళ్ల నాయనను నెల రోజులు బతిమాలి బడిలో చేర్పించాను. నీలం మధ్యలో, ఒక పక్క తరిగిన తెల్లటి చంద్రుడు.

"రాత్రిపూట మొగులు గిట్ల నీలంగుంటదా?" అన్నాను.

"నేను పొద్దుగాల జూసిన పంతులమ్మా. అప్పటికే ఎండ వచ్చింది."

"ఎండల సందమామ ఉంటడా? అబద్ధాలు గూడ నేర్చినవా" అంటూ తడిగుడ్డతో అందరి ముందూ ఆ చంద్రుణ్ని తుడిచేశాను. పిల్ల ఏడవలేదు. ఆ బండ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నేను వికారాబాదు నుంచి రోజూ పొద్దుటి రైల్లో వచ్చేదాన్ని. మూడోనాడు స్టేషన్లో దిగి, వ్యాగన్లలోకి బండలెత్తుతున్న హమాలీలను చూస్తూ తల ఎత్తాను. వాళ్ల పైన, ఎండలో, సగం చంద్రుడున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ అదే రైల్లో, పొద్దుటి చంద్రుడుండే పడమటి దిక్కుకే వస్తూ ఒక్కనాడూ పైకి చూడలేదు. నేను పంతులమ్మనట.

బడికి వెళ్లకుండా తిన్నగా వాళ్లింటికి నడిచాను. వాళ్ల నాయన గొర్రెలను దొడ్లోంచి వదులుతున్నాడు.

"దీనికి సదువు అబ్బదులే పంతులమ్మా. అబద్ధాలు జెప్తదంటివట గద. నాతోనే గొర్లకాడికి వస్తది" అన్నాడు.

"తప్పు నాది. పొద్దుగాల సందమామ ఉంటడు. నీ బిడ్డ జూసింది, నేను జూడలే."

అతను పైకి చూసి, "ఉంటడు గద" అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు.

పిల్ల లోపలికెళ్లి ఆ బండే తెచ్చింది. నేను తుడిచిన చోటే మళ్లీ నీలం పూసి, రోజుకొకటి చొప్పున నాలుగు చందమామలు గీసింది. ఒకదానికంటే ఒకటి సన్నం. చివరిది నేను స్టేషన్లో చూసిన సగం చంద్రుడు, సున్నం ఇంకా ఆరలేదు. ఇమ్మని చెయ్యి చాపాను. పిల్ల దాన్ని గుండెకు అదుముకుంది.

"మల్ల తుడుస్తవా?"

"తుడువను బిడ్డా."

వాళ్ల నాయన "పో బిడ్డా, బడికి పో" అని గొర్రెలను ఒక్కడే తోలుకుని వెళ్లాడు.

దారంతా పిల్ల ఆ బండను నా చేతికివ్వలేదు. బడికొచ్చాక వరండాలో వరుస చివర తనే పెట్టింది. తడిగుడ్డ ఎక్కడుందో ఒకసారి చూసుకుని, అప్పుడు కూర్చుంది.