అమ్మ దుద్దులు, నా కెమిస్ట్రీ

మా ఇంట్లో అందరికన్నా సుఖపడ్డది మా అమ్మ కెంపుల దుద్దుల జత. వాటికి ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, సెంటు తగలకూడదు, చెమట తగలకూడదు. అడుగున దూది, దాని మీద నాన్న పాత పంచె ముక్క, పైన పౌడరు డబ్బా మూత. నేను పుట్టినప్పుడు ఆస్పత్రిలో మంచం ఖాళీ లేక నన్ను వరండాలో చాప మీద పడుకోబెట్టారట. ఆ సంగతి ఎత్తి సాధిస్తే అమ్మ ఒకటే మాట అనేది. "నువ్వు కింద పడినా రాళ్లు ఊడవు కదే!"

అవి మా అమ్మమ్మవి. ఒక్కోదానికి ఏడేసి కెంపులు, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. వెనక లావుపాటి కాడ, దానికి మర. తమాషా ఏంటంటే, ఇంత భోగం అనుభవిస్తున్న ఆ దుద్దుల్ని ఎవరూ పెట్టుకోరు. పదకొండేళ్ల కిందట నాన్నకి గుండె ఆపరేషనైంది. థియేటరు బయట బల్ల మీద కూర్చుని అమ్మ మొక్కుకుంది, ఆయన తన కాళ్ల మీద నడిచి ఇంటికొస్తే ఇక ఒంటిమీద బంగారం పెట్టుకోనని. మేం లూథరన్లం. మా సంఘంలో ఆడవాళ్లకి బంగారం మీద నిషేధమేమీ లేదు. క్రిస్మస్ ఆరాధనలో అయితే పాస్టరుగారి ప్రసంగం కన్నా పక్కావిడ మెడ మీదే ధ్యాస ఎక్కువ. అమ్మని ఎవరూ అడగలేదు. నాకు తెలిసి దేవుడు కూడా అడగలేదు. నాన్న నడిచి ఇంటికొచ్చారు, అమ్మ ఆ సాయంత్రమే అన్నీ తీసేసింది.

గొలుసూ గాజులూ ఇంటి అవసరాలకి మెల్లగా కరిగిపోయాయి. దుద్దుల జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. నాన్న ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. "కెంపుల దుద్దులు ఇచ్చి పాత గుమాస్తాని తెచ్చుకుంది మీ అమ్మ. బేరమాడటం చేతకాదు," అనేవారు.

ఏటా వేసవిలో ఆ దుద్దులకి స్నానం. ఆ రోజు వీధి కిటికీలు మూసేసేది. కుంకుడుకాయలు రాత్రే నానబెట్టి, పొద్దున్న రసం పిసికి, పూర్తిగా చల్లగా ఉందో లేదో మోచెయ్యి ముంచి చూసేది. చంటిపిల్లల బ్రష్షుతో ఒక్కో రాయీ తోమేది. కింద టీ వడపోత పెట్టేది, ఏ రాయైనా ఊడితే తూములోకి పోకుండా. తడి నిమిషం కూడా ఉండనిచ్చేది కాదు, పంచె ముక్కతో అద్ది ఫ్యాను కింద ఆరబెట్టేది.

"పెట్టుకోని నగకి ఈ సేవలేంటమ్మా?" అని వెక్కిరించేదాన్ని.

"పెట్టుకోకపోతే పాడుచేసుకోవాలా? వస్తువుని వస్తువులా చూసుకోవాలి."

నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ టీచర్ని. కాబట్టి ఊరుకోలేను. కుంకుడు నురగ ఎందుకొస్తుందో, అది జిడ్డుని ఎలా పట్టుకుంటుందో ఏటా ఒక పాఠం చెప్పేదాన్ని. అమ్మ అంతా విని, "మురికి పోతోందిగా, చాల్లే," అనేది.

అమ్మకి ఇంకో పిచ్చి కూడా ఉంది, చీపుళ్ల పిచ్చి. కొబ్బరి ఈనెల చీపురు కొత్తది ఇంట్లోకి రాగానే గట్టి ఈనెలు ఏరి విరిచి దాచుకునేది. మా ఇంట్లో చీపురుకి పుట్టుకతోనే బట్టతల. వాష్‌బేసిన్ గట్టు మీద ఎప్పుడు చూసినా రెండు ఈనె ముక్కలు, వేలి గోరంత పొడవువి, పక్కపక్కనే ఉండేవి. "అలా పళ్లు కుట్టుకుంటే చిగుళ్లు వాచిపోతాయమ్మా," అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేదాన్ని. "సరేలేవే," అనేది. మర్నాడు మళ్లీ రెండు ముక్కలు.

ఈ వేసవికి అమ్మ కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకుని ఇంటికొచ్చాక, పౌడరు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పదకొండేళ్లలో ఆ డబ్బా నా చేతికివ్వడం అదే మొదలు. "ఈసారికి నువ్వు కడుగు. నాకు రాళ్లు ఆనడం లేదు. చల్లటి కుంకుడు రసమే. వేడి తగలకూడదు, విన్నావా?"

"విన్నానమ్మా."

వినడం విన్నాను. రాజమండ్రిలో నా ఇంటికొచ్చి ఫోను తెరిచాను. అందులో ఒకావిడ ఐదు నిమిషాల్లో పాత నగని కొత్తదానిలా చేసి చూపిస్తోంది. మరిగే నీళ్లు, వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడు. బీఎస్సీ, బీఈడీ చదివిన నాకు ఆ సమీకరణం నచ్చింది. కుంకుడుకాయలు ఎవరు నానబెడతారు, ఎవరు పిసుకుతారు? దుద్దులు గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టి, ఆ ఐదు నిమిషాలూ టీ తాగాను.

తిరిగొచ్చి చూసేసరికి నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. పైన జిగురులాంటిదేదో తేలుతోంది. గరిటెతో కదిపితే అడుగున టిక్కుమని చప్పుడైంది. లక్క! పాత కెంపులకి వెనక మెరిసే రేకు పెట్టి, లక్క పోసి కూర్చుతారు. లక్క వేడికి కరుగుతుందని ఏటా పిల్లలకి చెప్పేది నేనే, తప్పు రాసినవాడికి మార్కు కోసేది కూడా నేనే. మూడు రాళ్లు ఊడిపోయాయి. మిగతావాటి వెనక నీళ్లు దిగి, ఎర్రటి కెంపులు కడిగేసిన బీట్‌రూట్ ముక్కల్లా వెలిసిపోయాయి.

వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ తనకోసం మిగుల్చుకున్నది ఈ ప్రపంచంలో అదొక్కటే. అది నా చేతికిస్తే, పప్పు ఉడకేసినట్టు ఉడకేశాను.

మర్నాడు బజారు వెనక సందులో ఒక ముసలి కంసాలి దగ్గరికి వెళ్లాను. ఆయన దుద్దు తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏవమ్మా, చారు కాచారా?"

"కొంచెం వేడినీళ్లు తగిలాయండి."

"కొంచెమేంటమ్మా, పోపు ఒక్కటే తక్కువైంది." మూడు రాళ్లూ అరచేతిలో వేసుకుని తిప్పాడు. "ఎవరివండి?"

"మా అమ్మవి. ఆవిడ పెట్టుకోరు లెండి, మొక్కుంది. దాచుకున్నారంతే."

"పెట్టుకోని నగకి ఇంత ఏడుపెందుకమ్మా?" అన్నాడు నా మొహం చూసి. "రాళ్లన్నీ తీసి, కొత్త రేకు వేసి మళ్లీ కూర్చాలి. శనివారం రండి."

"మా అమ్మకి తెలుస్తుందా అండి?"

"ఆయ్, నా పనితనం మీద నాకు నమ్మకం ఉందండి. మీ అమ్మగారి సంగతి నాకు తెలీదు కదా!"

శనివారానికి దుద్దులు ధగధగలాడుతూ వచ్చాయి. గండం గడిచిందనుకున్నాను. ఈలోగా అమ్మ కళ్ల ఆపరేషను అయిపోయింది. నా ఖర్మకొద్దీ చాలా బాగా అయింది. గోడ మీద బల్లి తోకకున్న చారలు కూడా లెక్కపెడుతోంది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ధవళేశ్వరం వెళ్లి డబ్బా చేతికిచ్చాను. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నారు. అమ్మ వీధి కిటికీలు మూసి, లైటు వేసి, దుద్దులు వెలుతురుకి ఎత్తి చూసింది. ఒక్కో రాయీ వేలితో తడిమింది.

"ఈ మూడో రాయి కాస్త కిందకి చూసేది," అంది చివరికి. "నా చిన్నప్పట్నుంచీ అంతే. ఇప్పుడు తిన్నగా ఉందేంటి?"

అమ్మ నావైపు తిరిగింది. ఇక దాచలేక నీళ్లూ, సోడా, టీ, కంసాలీ అన్నీ వరసగా కక్కేశాను.

"వేడి తగలకూడదని చెప్పానా లేదా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదే! పిల్లలకి ఏం చెప్తున్నావే నువ్వు అక్కడ?" అని మొదలెట్టి అమ్మ ఎడాపెడా వాయించేసింది. నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను. నాన్న పేపరు ఇంకొంచెం పైకెత్తి మొహం దాచుకున్నారు.

తిట్టీ తిట్టీ అలిసిపోయి, ఒక దుద్దు మర తిప్పి ఊడదీసింది. "ఆయనెవరో మర సరిగ్గా పెట్టాడో లేదో," అని గొణుక్కుంటూ కాడని చెవికి ఆనించింది. నేను ఆపబోయాను. నాలుగు నెలలు కమ్మలు పెట్టుకోకపోతేనే నా చెవులు పూడిపోయి మళ్లీ కుట్టించుకున్నాను. ఆవిడవి పదకొండేళ్లాయె. అంత లావు కాడ దిగమంటే ఎలా దిగుతుంది?

సులువుగా దిగిపోయింది.

"అమ్మా! నీ చెవులు పూడలేదేంటి?"

అమ్మ నావైపు చూడలేదు, వాష్‌బేసిన్ గట్టువైపు చూసింది. అక్కడ రెండు ఈనె ముక్కలు పక్కపక్కనే ఉన్నాయి.

"అవి పళ్లు కుట్టుకోవడానికి కదా?"

"నావి కట్టుడు పళ్లే. పెట్టించింది నువ్వే. వాటిని ఏం కుట్టుకోనే, నీ మొహం! రాత్రి పడుకునేముందు చెవులకి పెట్టుకుంటా, పొద్దున్నే తీసేస్తా."

"మరి మొక్కు?"

"బంగారం పెట్టుకోనని మొక్కుకున్నాను. చెవులు పూడ్చేసుకుంటానని మొక్కుకోలేదు." రెండో దుద్దు కూడా అందుకుంది. "మర చూస్తున్నానంతే. చూస్తే రెండూ చూడాలిగా."

నాన్న పేపరు మడిచి లేచారు. వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, కుర్చీ అమ్మవైపు తిప్పుకుని కూర్చున్నారు. "మొక్కింది నా కోసమేగా, నేను చూడొచ్చు," అన్నారు.

అమ్మ అద్దం ముందు నిలబడి తల ఇటూ అటూ తిప్పింది. "ఎలా ఉన్నాయే?" అంది. ఆ గొంతులో ఇందాకటి తిట్లు లేవు. "బాగున్నావమ్మా," అన్నాను. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడ సేవ చేసింది ఉత్త దుద్దులకే అనుకుని వెక్కిరించాను కదా అని సిగ్గేసింది కూడా.

కాసేపయ్యాక తనే తీసేసింది. ఒక్కో రాయీ పంచె ముక్కతో తుడిచి, దూదిలో పెట్టి, డబ్బా మూత బిగించింది. కళ్లు బాగుపడ్డాయి కదా, పాత ముక్కలు నలిగిపోయినట్టు కనిపించాయో ఏమో, గట్టు మీద ఉన్నవి తీసి చెత్తలో పడేసింది.

"వెళ్లి చీపురు పట్రా," అంది.

"కొత్తది పెరట్లో ఉంది," అన్నారు నాన్న. "ఈనెలు గట్టిగా ఉన్నది చూసి మరీ తెచ్చాను."

నేను పెరటి గడప మీద కూర్చుని చీపురు ఒళ్లో పెట్టుకున్నాను. రెండు మంచి ఈనెలు ఏరి, గోరంత పొడవుకి విరిచి, చెవికి గుచ్చుకోకుండా కొసలు నున్నగా గీకి, తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.