లేని ఎలుగు కొట్టిన దెబ్బ

ఎన్నిసార్లు ఫోన్ చేసినా దర్శకుడు ఎత్తడం లేదు కాబట్టి ఇక్కడ, ఆయన సినిమా పేజీలో రాస్తున్నాను. ఆయన మార్కాపురం పలకల గనిలో సినిమా తీశాడు. అందులో నన్ను ఎలుగుబంటి విసిరికొట్టాలి. ఎలుగును తర్వాత కంప్యూటర్లో చేరుస్తారట.

“దెబ్బ మాత్రం నిజంగా కనపడాలి,” అని ఆయన నా నడుముకు తాడు కట్టించాడు. మనుషులు ఒక్కసారిగా లాగేసరికి పలకరాళ్ల కుప్ప మీద పడ్డాను. భుజం చీలి రక్తం చిమ్మింది.

“రేయ్, వదలండ్రా! సచ్చిపోతాండా!” అని అరిచాను.

“మస్తానన్న భలే యాక్టింగ్ జేస్తాండాడు, ఇంకా లాగండ్రా!” అన్నాడు తాడు పట్టినవాడు.

సినిమా విడుదలయ్యాక హాల్లో చూస్తే తాడు లేదు. నా రక్తం మీద ఎలుగు పంజా ఉంది. నా అరుపు తీసేసి ఎలుగు అరుపు పెట్టారు. “నిజం ఎలుగు మాదిరే కొట్టినాదే!” అన్నాడు పక్కాయన. భుజం చీలిన నా చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు.

దర్శకుడు గారూ, నా అరుపు నటనే అనుకుంటే దాన్నెందుకు తీసేశారు? ఈ పేజీలోనే జవాబు చెప్పండి.