ఇనుము కరగదు

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. డైరీలో అన్నీ రాసుకునే నేను దీన్ని మాత్రం రాయలేదు. నా డైరీ, ఇప్పుడు నీకే చెబుతున్నాను. క్షమించమని అడగను. విను, చాలు.

అవ్వ, అంటే మా నాయనమ్మ, కింద కూర్చుని బీడీలు చుట్టి చుట్టి మోకాళ్లు పోగొట్టుకుంది. ఒక మోకాలు మార్చారు. ఇంటికి పంపుతూ డాక్టరు మరాఠీలో "బర్ఫాచా శేక్ ద్యా" అన్నాడు. మంచుగడ్డలతో శేక్ ఇవ్వమని. మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో శేక్ అంటే కాపడమే. అందులో చల్లనిది ఉంటుందని ఎవరికీ తెలియదు.

నాన్న సాంచె మీద, అంటే మరమగ్గం మీద, నేసిన తువ్వాలులో మంచుగడ్డలు చుట్టి తెచ్చాను. అవ్వ చేయి అడ్డం పెట్టింది.

"శేక్ అంటే వేడి గాదానే పోరీ? బరఫ్ పెట్టి సంపుతవా? నీకు సమజ్ కాలే. పెనం మీద ఉప్పు ఏంచి మూట కట్టుకరా పో."

మనుషుల ముందు నా నోరు పెగలదు. ఆ రోజు పెగిలింది.

"లోపల ఇనుము ఏసిండ్రవ్వా. వేడి తగిలితే కరుగుతదంట. డాక్టరే అన్నడు."

"కరుగుతదా! ఇగ చాయ్ గూడ సల్లార్చుకొని తాగాల్నా ఏంది?"

డాక్టరు అనలేదు. నేనే అన్నాను. అవ్వ కాలు చాపి మంచు పెట్టించుకుంది. వాపు తగ్గింది. మోకాలు వంగింది. ఇప్పుడు అశోక్ చౌక్ దాకా నడిచివెళ్లి కూరగాయలు బేరమాడి తెస్తుంది. దీనికి సిగ్గుపడాలా? పడను. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే అంటాను.

కానీ అవ్వ ఆ మాటను తనలో ఉంచుకోలేదు. ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టే లక్షుమక్క తన మోకాలి ఆపరేషన్‌కు అప్పటికే ఒప్పుకుంది. ఈ మాట విని మానుకుంది. "పొద్దంత పొయ్యి కాడ ఉండేదాన్ని, నాది కరిగితే ఎట్ల?" అందట. ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తుంది.

నిజం ఎందుకు చెప్పలేదు? మొదట్లో, అవ్వ మంచును విసిరికొడుతుందేమోనని. తర్వాత? అవ్వ కాలు బాగయ్యాక ఎవరి కోసం దాచాను? నా మాట ఎవరూ వినని ఇంట్లో ఒక్కసారి విన్నారు, అదీ డాక్టరు పేరు చెబితే. దాన్ని అబద్ధమని నేనే ఎలా ఒప్పుకునేది? నేను నోరు విప్పకపోవడాన్ని అందరూ బిడియం అనుకున్నారు. అది పొగరు.

అవ్వను నడిపించింది ఆ అబద్ధమే. లక్షుమక్కను గోడకు కట్టేసింది నా మౌనం. రెండూ నావే. ఆమె తిడితే తిట్టనీ. ఆమెకు చెప్పబోయే మాట ముందు ఇక్కడ రాస్తున్నాను.

ఇనుము కరగదు, లక్షుమక్కా. ఆ మాట నేనే అన్నాను.